గోనె కప్పిన గంప

ఇన్నేళ్ళుగా నేనడిగిన దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. మా వీధి కాలవ పూడిపోయిందని చెప్పినా, మా సందు మొదట్లో బస్సు ఆపకుండా పోతున్నారని చెప్పినా, డాబాల మీద మసి పడుతోందని మొత్తుకున్నా విన్నవాళ్ళు లేరు. కూర్మన్నపాలెంలో పొద్దున్నే నడకకు వచ్చే నాబోటి రిటైరైనవాళ్ళలో, నన్ను దూరాన్నుంచి చూడగానే ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు, నాకు తెలుసునన్న సంగతి వాళ్ళకూ తెలుసు. అవన్నీ పోనివ్వండి. వాటికి జవాబు రాదని ఎప్పుడో అర్థమైంది, అడగడం మానలేదు, అంతే. కానీ ఒక్క ప్రశ్న ఉంది, అది కాలవలాంటిది కాదు, బస్సులాంటిదీ కాదు. మా గోడకవతల ఉండే మా బావని, అంటే మా అక్క భర్తని, ఎందుకు అని అడిగాను. ఆ ఒక్క మాటకు ఆయన నేటిదాకా నోరు విప్పలేదు.

ఈ వేసవిలో మా గేటు మీది సన్నజాజి పందిట్లో పిగిలిపిట్టలు గూడు కట్టి ఉండకపోతే ఇదంతా రాయవలసిన పని పడేది కాదేమో. నల్లటి తల, తల మీద చిన్న జుట్టు, తోక మొదట్లో ఎర్రటి మచ్చ, ఎవరికీ భయపడకుండా ఇంటి మనుషుల మధ్యే తిరిగే ఆ పిట్టని మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. మా పెరట్లో అవి గూడు కట్టి చాలా ఏళ్ళైంది. నెల్లాళ్ళ కిందట ఆ జంట పందిట్లోకి పుల్లలు మోస్తుంటే మా ఆవిడ నన్ను పిలిచి చూపించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిపోయిందో అప్పుడు నాకు తెలియదు. నాకే కనబడి, నేనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అసలు సంగతి చెప్పాలంటే మా రెండిళ్ళకూ మధ్య గోడ లేని రోజుల దగ్గరకు వెళ్ళాలి. మాది పద్మనాభం వైపు పల్లె, నాన్న వరి పండించేవాడు. ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరికాక ముందు బావా, తర్వాత నేనూ ఇటు వచ్చి పక్కపక్కనే జాగాలు తీసుకుని చెరో ఇల్లూ కట్టుకున్నాం, కానీ పెరడు మాత్రం ఒకటే ఉంచుకున్నాం. ఒకే బావి, ఒకే దండెం, ఒకే చాకిరేవు బండ. సరిగ్గా మధ్యలో మా అక్క నాటిన దానిమ్మ చెట్టు. ఎండలు మొదలవుతుండగానే ఏటా ఒక పిగిలిపిట్టల జంట ఆ దానిమ్మలోకి వచ్చేది. ఫ్యాక్టరీనుంచి స్కూటరు తుడుచుకోవడానికి మేం కాసిని కాటన్ వేస్టు దారాలు తెచ్చుకునేవాళ్ళం, రంగురంగుల నూలు పోగుల ముద్దలు, మెత్తగా ఉంటాయి. స్కూటరు తుడిచి ఆ ముద్ద బావి గట్టు మీద పడేస్తే, పిట్ట వచ్చి ఒక్కొక్క పోగే లాక్కుని పోయేది. దానిమ్మ కొమ్మల మధ్య ఆ గూడు దోసిలంతే ఉండేది, లోపల ఎర్ర పోగు, నీలం పోగు, పచ్చ పోగు. అలాంటి గూడు మీ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు, అది మా ఫ్యాక్టరీ పిట్ట గూడు.

నేను క్రేన్ నడిపేవాణ్ణి. షెడ్డు కప్పు కింద, పట్టాల మీద అటూ ఇటూ పోయే పెద్ద క్రేన్, దానికి వేలాడే అద్దాల క్యాబిన్, అందులో నేను. కింద బావ ఖలాసీ. బరువుకి గొలుసులు తగిలించడం, తగిలించాక నాకు చేత్తో సైగ చెయ్యడం ఆయన పని. ఆ చప్పుడులో మనిషి గొంతు మనిషికి వినబడదు. అరచెయ్యి పైకి పెట్టి వేళ్ళు తిప్పితే ఎత్తమని, అరచెయ్యి నేలకి చూపిస్తే దించమని, పిడికిలి బిగించి పైకెత్తితే ఉన్నచోట ఆగమని. కిందనుంచి సైగ రానిదే పైన ఉన్నవాడు హుక్కు అంగుళం కదపకూడదు, సైగ వచ్చాక ఎందుకని అడగకూడదు. ఆ పద్ధతి మీదే మా ఇద్దరి ప్రాణాలూ, ఇంకా పదిమంది ప్రాణాలూ ఆధారపడి ఉండేవి, ఒక్కనాడూ తేడా రాలేదు.

ఒకసారి నేను వరసగా డ్యూటీలు చేసి పెరట్లోకి తొంగి చూడని రోజుల్లో, గొలుసులు తగిలించి సైగ చెయ్యవలసిన బావ, వేళ్ళన్నీ కలిపి ముక్కులా పెట్టి, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. పైనుంచి చూస్తే నాకు మొదట అర్థం కాలేదు, తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. గుడ్లు పగిలాయి, పిల్లలు నోళ్ళు తెరుస్తున్నాయి. పనిచోట అలాంటి సైగలు చెయ్యకూడదు, ఫోర్‌మన్ చూస్తే ఇద్దరికీ చీవాట్లే. అయినా ఆ వేసవంతా, ఆ తర్వాత వచ్చిన వేసవుల్లోనూ, బావ ఆ ముక్కు సైగ చేశాకే ఎత్తమనే సైగ చేసేవాడు. ఇంట్లో మేం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆయన మామూలుగానే మాట తక్కువ మనిషి. దానిమ్మకి అటు ఆయన స్టూలు, ఇటు నా స్టూలు, మధ్యలో పిట్టలు, చేతుల్లో టీ గ్లాసులు. నా జీవితంలో నన్ను ఎవరూ పట్టించుకోకపోయినా బాధ లేకుండా గడిచిన గంటలు అవే.

నాన్న పోయాక అమ్మ మా ఇంటికి వచ్చేసింది. పల్లెనుంచి తనతో తెచ్చుకున్న సామానులో ఒక కోడిపెట్ట, దాని పిల్లలు, వాటిని మూసే వెదురు గంప, కొన్ని గోనెసంచులు ఉన్నాయి. ఆ కోడిని, పిల్లల్ని కొద్ది రోజుల్లోనే ముంగిస పట్టుకుపోయింది, గంప మాత్రం పెరట్లో బోర్లించి ఉండిపోయింది. ఇక గోనెసంచులకు మా దగ్గర పని కరువు లేదు. మా వైపు గాలిలో మసి ఉంటుంది. ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపిస్తారు తప్ప జవాబు చెప్పరు, ఆ తగువు ఇప్పుడొద్దు. ఆరబెట్టిన వడియాల మీద పడుతుంది, మజ్జిగలో పడుతుంది, ఉతికిన చొక్కా మెడ మీద పడుతుంది. అందుకని మా ఆడవాళ్ళు ప్రతిదాన్నీ కప్పుతారు. బిందె మీద పళ్ళెం, ఊరగాయ జాడీ మీద గుడ్డ, చంటిపిల్ల ఉయ్యాల మీద చీర. ఎవరిమీద ఎంత ఇది ఉందో వాళ్ళ కంచం మీద మూతను బట్టి తెలిసిపోయేది. అమ్మ వచ్చిన మర్నాడే ఆ విద్య నేర్చుకుని అందర్నీ మించిపోయింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నా అన్నం మీద పళ్ళెం, పళ్ళెం మీద తడిగుడ్డ, గాలికి గుడ్డ ఎగరకుండా దాని మీద బావి దగ్గరి గుండ్రాయి. "మసి తింతన్నావు నాయినా, మెతుకు తింతన్నావో మసి తింతన్నావో తెలీదు" అనేది.

ఆ ఏడు దానిమ్మలో మూడు పిల్లలు. పిగిలిపిట్ట పిల్లలకు ఒక అలవాటుంది, సరిగ్గా ఎగరడం రాకముందే గూట్లోంచి దూకేస్తాయి. ఒకటి రెండు రోజులు నేల మీద, చిన్న మొక్కల చాటున, తోకలు కూడా రాని ఉండల్లా కూర్చుంటాయి. తల్లీ తండ్రీ అక్కడికే పురుగులు తెచ్చి నోట్లో పెడతాయి. చూసేవాళ్ళకు అవి పడిపోయాయని, దిక్కులేనివని అనిపిస్తుంది. మాకు రెండు మూడు వేసవులుగా చూసి చూసి తెలుసు, ముట్టుకోకూడదని. మాకు, అంటే నాకూ బావకీ. ఆ సంగతి ఇంట్లో మిగతావాళ్ళకు చెప్పాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఆ రోజు నాకు పొద్దుటి షిఫ్టు, బావకి ఆఫ్. పడమటి గాలి, ఎండ మండిపోతోంది, దారంతా మసి కళ్ళల్లో కొడుతోంది. నేను స్కూటరు దిగి తిన్నగా దానిమ్మ దగ్గరకు వెళ్ళాను. గూడు ఖాళీ. చెట్టు కింద అమ్మ కోళ్ళ గంప బోర్లించి ఉంది, గంప మీద గోనె చుట్టూ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఉంది. పిగిలిపిట్టలు రెండూ ఆ గోనె చుట్టూ ఎగురుతూ, వాలుతూ, నోట్లో పురుగులతో అరుస్తున్నాయి. నోట్లో పురుగు పెట్టుకుని ఎలా అరుస్తాయో నేనప్పుడే చూశాను. గోనె లాగి గంప ఎత్తితే లోపలినుంచి ఆవిరి కొట్టింది. ఒక కొబ్బరిచిప్పలో నీళ్ళు, పక్కన గుప్పెడు నూకలు, రెండు పిల్లలు రెక్కలు పరిచి చచ్చిపోయి ఉన్నాయి. మూడోది నోరు తెరుచుకుని ఊగుతోంది.

నాకు కోపం ఎలాంటిదో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. రెండిళ్ళ గుమ్మాల్లోకీ వినబడేట్టు అరిచాను. ఎవరు కప్పారని అడిగాను. ఈ పని చేసిన చెయ్యి పడిపోను అన్నాను. ఒకసారి కాదు, రెండోసారీ అన్నాను. మా ఇంటి గుమ్మంలో స్తంభం పట్టుకుని అమ్మ, ఆవిడ వెనక మా ఆవిడ, అవతలి గుమ్మంలో అక్క నిలబడి ఉన్నారు. బావ వాళ్ళ ఇంట్లోంచి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, అందరి వైపూ ఒకసారి చూసి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నానే బావా," అన్నాడు. "నానే కప్పినాను."

ఎందుకు అన్నాను. ఏడాదికేడాది నాతో పాటు కూర్చుని చూసినవాడివి, ముట్టుకోకూడదని నాకే చెప్పినవాడివి, ఎందుకు కప్పావు అన్నాను. ఆయన గోనె మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు. మర్నాడు ఆయన డ్యూటీకి సెలవు పెట్టి, మిగిలిన ఆ ఒక్క పిల్ల నందివర్ధనం మొక్క కింద కూర్చుంటే, పిల్లులూ కాకులూ రాకుండా ఎండలో కర్ర పట్టుకుని పొద్దస్తమానం కాపలా కాశాడు. అది చివరికి ఎగిరిపోయిందట. చంపినవాడే కాపలా కాయడమేమిటని నాకు ఇంకా మండింది.

గోడ నేనే కట్టించాను. తాపీమేస్త్రీ తాడు లాగుతూ, "ఏటి బాబూ, ఒక్క పెరడు లాగున్నోలు, ఇప్పుడు గోడేటి" అని అడిగితే, పని చూడమన్నాను. దానిమ్మ నా వైపు ఉండేట్టు గోడని అక్కడ కాస్త వంకర తిప్పించాను. బావ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పి ఉంటే బాగుండేది, గొడవలోనైనా ఎందుకో బయటపడేది. అక్క రాకపోకలు మానలేదు గాని, అంతకుముందు తడిచేతుల్తో పెరట్లోంచి వచ్చే మనిషి, అప్పట్నుంచి ముందు గేటులోంచి చెప్పులు విడిచి చుట్టంలా రావడం మొదలుపెట్టింది.

పనిలో మాత్రం మేం అలాగే ఉన్నాం, నేను పైన, ఆయన కింద. ఎత్తమంటే ఎత్తాను, ఆగమంటే ఆగాను. ఆయన నా హుక్కు కింద నిలబడ్డానికి ఒక్కనాడూ జంకలేదు. ముక్కు సైగ మాత్రం మళ్ళీ రాలేదు. మా మధ్య మాటల్లేవన్న సంగతి షెడ్డంతా తెలిసిపోయింది. క్యాంటీన్లో వెనకనుంచి ఒకడు, "వీలిద్దరూ సేతుల్తోనే సంసారం సేత్తన్నారు, మా ఇంట్లో కూడా ఇలాగుంటే బాగున్ను" అంటే అందరూ నవ్వారు. వాడి పేరు నాకు గుర్తుంది, రాయను. బావ రిటైరయ్యాక నాకు వేరే ఖలాసీని ఇచ్చారు. అప్పుడు తెలిసింది, ఆ సైగలు కూడా మాటలేనని.

ఆ రోజుల్లోనే నాకింకో బాధ. ఆ పిట్టల గొడవ అయిన మర్నాటినుంచి అమ్మ నా కంచం మీద మూత పెట్టడం మానేసింది. మా ఆవిడకి చెప్పి పెట్టించేది. బావ మీద కోపంతో నేను అరిచింది అమ్మకి నచ్చలేదని, అల్లుడి పక్షం తీసుకుందని అనుకున్నాను, అది కూడా మనసులో పెట్టుకున్నాను. కొన్నేళ్ళకు అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మా ఆవిడ అన్నం కలిపి పెడుతుంటే, ఒకసారి అమ్మ నా మొహం చూడకుండా, "పోతే పోనీ, మంచి పన్లు సేసిన సెయ్యేటి" అంది. పెద్దవాళ్ళు ఏదో అంటారు అనుకున్నాను. పడిపోయిన ఆ చేత్తోనే అమ్మ వెళ్ళిపోయింది. పాడె మోసేటప్పుడు నాకెదురుగా అటువైపు బావ పట్టాడు, అప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద తుఫాను మా దానిమ్మని వేళ్ళతో సహా లేపేసింది, గోడ సగం పడిపోయింది. గాలి తగ్గాక బయటికొస్తే పెరడు మళ్ళీ ఒక్కటిగా కనిపించింది. అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఇటుకల గుట్ట. ఎవరింట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. నాలుగు రోజులకు చూస్తే, పడిన ఇటుకలకు అంటుకున్న సిమెంటు గీకి, శుభ్రం చేసి, ఆయన వైపు వరసలుగా పేర్చి పెట్టి ఉన్నాయి. గోడ మళ్ళీ కట్టుకోమని పేర్చాడో, ఇంక వద్దని పేర్చాడో ఆయన చెప్పలేదు. నేను కట్టేశాను.

ఇప్పుడు ఈ వేసవి. సన్నజాజి పందిట్లో గూడు, గూట్లో కాటన్ వేస్టు పోగులు లేవు, ఎవరో పారేసిన ప్లాస్టిక్ సంచి పేలికలు ఉన్నాయి. పిల్లలు దూకే సమయమైంది. నిన్న పొద్దున్న ఒకటి పందిరి కర్ర మీద ఉండలా కూర్చుంది. గాలి పడమటినుంచి మళ్ళింది, గేటు రంగు మీద చెయ్యి పెడితే నల్లగా అంటుతోంది. పందిరి మీద నీడగా, మసికి అడ్డుగా ఒక పాత లుంగీ పరుద్దామని స్టూలు ఎక్కాను. అదే సమయానికి మోకాళ్ళు పట్టుకుని అక్క గేటులోంచి వస్తోంది.

"ఒరే తమ్ముడా, అలాగ కప్పీకు," అంది. "అమ్మ కప్పీసి ఏటయిందో మర్సిపోనావేటి."

లుంగీ చేతిలోనే ఉండిపోయింది. అమ్మేమిటి అన్నాను. అక్క నా మొహం చూసి, గుమ్మంలో ఉన్న మా ఆవిడ మొహం చూసి, గేటు ఊచ పట్టుకుంది.

"నీకు సెప్పలేదేటి? అమ్మ పోయాకయినా సెప్పీసుంటాదనుకున్నాను నీ పెళ్ళాం."

మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అక్క అరుగు మీద కూర్చుని చెప్పింది. ఆ రోజు పిల్లలు నేల మీద కనబడితే అమ్మ కాకులెత్తుకుపోతాయని కోడిపిల్లల్ని ఏరినట్టు ఏరి గంప కింద పెట్టిందట, గూట్లో మిగిలినదాన్నీ తీసి వాటికి జత చేసిందట. నీళ్ళు పెట్టింది, నూకలు పోసింది. ఎండ, మసి తగలకుండా గోనె కప్పింది. పల్లెలో కోడిపిల్లల్ని అలాగే బతికించిన మనిషి. పిట్టపిల్లకు తల్లి నోటినుంచే తిండి అని ఆవిడకి ఎవరు చెప్పారు? కాస్త నడుం వాల్చింది, నిద్ర పట్టేసింది. నేను అరిచిన అరుపుకి లేచింది.

"నువ్వలాగ సెయ్యి పడిపోను అన్నావు కదా, మీ బావ అమ్మ మొకం సూసినాడు. ఇంక ఆగలేదు. తరవాత నాను తిట్నాను, ఆ శాపం నీ మీదేసుకున్నావేటీ అని. పడితే నా మీద పడనీలే, ముసిల్దానికెందుకు అన్నాడు."

అమ్మకి చెయ్యి పడిపోయాక చెప్పొచ్చు కదా అన్నాను. అక్క మోకాళ్ళు రుద్దుకుంది. "అప్పుడు సెప్తే నువ్వేటయిపోతావని," అంది.

నేనేటయిపోతానా. నా చిన్నప్పుడు మా నాయనమ్మ కోపంలో ఎవరినైనా శాపనార్థం పెడితే, కోపం దిగాక చెంబుతో నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించి, "నా మాట నీల్లపాలు" అని ఉమ్మేది. నోరు నాది, మాట నాది, దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ నాదే. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే బావి దగ్గరే పుక్కిలించేవాణ్ణి. అమ్మ నా కంచం మీద తన చేత్తో మూత పెట్టడం మానేది కాదు. అందరూ కలిసి, నా మంచికేనని, నన్ను కూడా గంప కింద పెట్టి గోనె కప్పేశారు. నిన్న మధ్యాహ్నం కుళాయి దగ్గరకు వెళ్ళి పుక్కిలించి ఉమ్మాను. ఆ నీళ్ళు సిమెంటు మీద అలాగే ఆరిపోయాయి.

ఇవాళ పొద్దున్న పందిట్లోంచి రెండో పిల్ల పెరటివైపు ఎగిరి, ఎగరలేక, మధ్య గోడకి తట్టుకుని అవతలికి పడింది. నేను గబగబా డాబా ఎక్కాను. కింద బావ ఒంటరిగా పెరట్లో కూర్చుని ఉన్నాడు, ఆయన చెవులు ఎప్పుడో పోయాయి, పిట్ట పడిన చప్పుడు ఆయనకి వినబడదు. బావా అని పిలిచాను, ఇన్నేళ్ళ తర్వాత. వినబడలేదు. అరిస్తే వీధంతా వింటుంది, ఆయన ఒక్కడూ తప్ప. చేతులు ఊపి మెట్ల వైపు కదలబోయేసరికి, గోడ మీద నా నీడ కదలడం చూశాడో ఏమో, తల పైకెత్తాడు. తన కాళ్ళ దగ్గర, నందివర్ధనం మొదట్లో ఉన్న పిల్ల అప్పటికే ఆయన కంటబడింది.

పిడికిలి బిగించి పైకెత్తాడు.

ఆగిపోయాను. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు డాబా మీద. సైగ వచ్చాక ఎందుకని అడగకూడదు. కాసేపటికి తల్లిపిట్ట గోడ దాటి వెళ్ళి దాని నోట్లో ఏదో పెట్టింది. అది చూసి బావ, వేళ్ళన్నీ కలిపి ముక్కులా పెట్టి, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

ఇప్పుడు మా వీధిలో ఎవరూ దేన్నీ చేత్తో కప్పరు. మసి అలాగే పడుతోంది, అద్దాల కిటికీలు బిగించుకుని లోపల ఏసీ వేసుకుంటున్నారు, కూర కూడా మూత అంటించిన డబ్బాలో బయటినుంచి వస్తోంది. ఒకరి కంచం మీద ఇంకొకరు గుండ్రాయి పెట్టిన కాలం పోయింది. కప్పినందుకు కోపగించుకునే కాలమూ దాంతోనే పోయింది. పిట్టలు మాత్రం వచ్చాయి, గోడకి ఇటు గూడు కట్టి అటు పిల్లల్ని పెంచుకుంటున్నాయి.

బావా, నువ్వు ఆగమన్నావు, ఆగాను. పిల్లకి తిండి అందుతోందన్నావు, చూశాను. అది నేనడిగినదానికి జవాబు కాదు. అక్క చెప్పింది అక్క జవాబు. నాకు నీ జవాబు కావాలి. ఆ రోజు శాపం నీ మీద వేసుకున్నది అమ్మ కోసం, సరే. ఆ తర్వాత, షెడ్డులో నా హుక్కు కింద నిలబడ్డ అన్ని రోజులూ, పాడె పట్టిన రోజూ, ఇటుకలు గీకిన రోజూ, ఎందుకు చెప్పలేదు? నేను మోయలేననుకున్నావా? అంతంత బరువులు నీ సైగ మీద ఎత్తినవాణ్ణి. చెవులు వినబడవంటే ఒప్పుకోను, మనిద్దరికీ చెవులతో ఎప్పుడూ పని లేదు. రేపు పొద్దున్న కూడా నేను డాబా మీదే ఉంటాను. చెయ్యి ఎత్తు.